రెండో పంపు

డీజిల్ పంపులు బాగుచేసే షెడ్డు. బల్ల మీద విప్పిన పంపు, బయట బానెట్టు ఎత్తిన లారీ. మేస్త్రి, లారీ సొంతదారు, ఆ లారీ తోలే అతని అల్లుడు.

"రెండు పంపులా? రెండెందుకు మేస్త్రీ? ఇంజను ఒకటేగా!"

"ముక్కొకటే కదా, ఊపిరితిత్తులు రెండెందుకని అడిగినట్టుంది తమ్ముడూ."

"వాడితో నీకేంటి మేస్త్రీ, నాకు చెప్పు. బండి నాది."

"బండి మీదే మావయ్యా. కాదన్నానా? తోలేది నేను."

"తోలేవాడివి తోలు. డబ్బు పెట్టేవాడు వింటున్నాడు, విననీ."

"ఇద్దరూ వినండి, రెండుసార్లు చెప్పే ఓపిక నాకు లేదు. పోయినేడాది ఏం చేశారు పెద్దాయనా? లోడు ఎక్కువ లాగాలని, ఇంజనులోకి డీజిలు చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి వేయించారు. వద్దన్నా, విన్లేదు. తినే నోళ్లు పెద్దవయ్యాయి, వడ్డించే చెయ్యి పాతదే. చదును రోడ్డు మీద నడిచినంతసేపూ సరిపోతుంది. కొండ రోడ్డెక్కి లోడుతో కాలు అదిమేసరికి, అవి అడిగినంత డీజిలు ఈ ఒక్క పంపూ తోయలేదు. పైపులో ప్రెషరు పడిపోతుంది. పడిందా, ఇంజను నీరసించిపోతుంది."

"అదే! సరిగ్గా అదే! సగం దూరం బాగానే వస్తుందట. పెద్ద మలుపు దగ్గర ముసలి గేదెలా నిలబడిపోతుందట."

"ముసలిదని మీరే అంటున్నారుగా. అమ్మేద్దాం మావయ్యా."

"ముసలి గేదెలా అన్నా. ముసలిదన్లేదు."

"మీ కొట్లాట తర్వాత. ముందు దారులు చెప్తా. ఈ పంపుకే లోపల అరిగిపోయిన సామాను తీసి, కొత్తది వేసి మళ్లీ బిగించెయ్యొచ్చు."

"అదీ! అది చాలు మేస్త్రీ. అదే చెయ్."

"నువ్వాగు. మేస్త్రీ, అలా చేస్తే కొండెక్కుతుందా?"

"ఖాళీగా ఎక్కుతుంది."

"ఖాళీగా మా మనవరాలి సైకిలు కూడా ఎక్కుతుంది. లోడుతో సంగతి చెప్పు."

"లోడుతో ఎక్కదు."

"అసలు ఎక్కదా?"

"ఎక్కదు. ఇంజెక్టర్లు పెద్దవి కదా, దీని శక్తి చాలదు."

"విన్నారుగా మావయ్యా. నేను కాదు, మేస్త్రే అంటున్నాడు. ఎక్కదు."

"ఒక్క ముక్క దొరికింది కదాని పట్టుకుని వేలాడకు. ఇంకో దారి చెప్పు మేస్త్రీ."

"ఇదే చోట ఇంకా పెద్ద పంపు ఒకటి. ఎక్కుతుంది. కాకపోతే బరువంతా ఆ ఒక్కదాని మీదే. అది పోయిందంటే కొండ మీద ఎక్కడ పోతే అక్కడే పడకేసుకోవాలి."

"వద్దు. ఆ పడకలు చాలు. నువ్వు ముందన్నావే, రెండు, అది చెప్పు."

"ఇదిగో, ఇంజను పైన ఈ పక్కన బ్రాకెట్టు బిగించి, ముందు బెల్టుతో తిరిగేట్టు రెండో పంపు కూర్చోబెడతా. రెండూ ఒకే పైపులోకి తోస్తాయి. సగం పని దీనిది, సగం పని దానిది. ట్యాంకులోంచి డీజిలు లాగే చిన్న మోటారు కూడా మార్చాలి, లేకపోతే రెండూ ఆకలికి మాడతాయి. దార్లో ఒకటి అలిగినా రెండోది మెల్లగా ఇంటికి చేరుస్తుంది. ఈ చుట్టుపక్కల ఈ పని నేను తప్ప ఇంకెవడూ చెయ్యలేడు."

"అదీ మాట! అంటే ఇంక నిలబడిపోవడం ఉండదు."

"ఉండదు."

"ఎన్నాళ్లు?"

"శుభ్రమైన డీజిలు పోసుకుంటే, మీ అల్లుడి జుట్టు తెల్లబడేదాకా ఎక్కుతుంది కొండ."

"మేస్త్రీ!"

"ఏంటి తమ్ముడూ? మంచి మాటేగా అన్నా?"

"ఏం మంచి! ఒక ఇంట్లో ఇద్దరు అత్తల్ని పెట్టినట్టుంటుంది. బెల్టు తెగితే? బ్రాకెట్టు ఊగితే? పాత ఇంజను, అంత ఒత్తిడి తట్టుకుంటుందా?"

"ఇంజను గట్టిది. దాని ఎముకలు నాకు తెలుసు. నేనుగా విప్పింది, నేనుగా బిగించింది."

"చూశావా? ఇంజను గట్టిదే. రోగం తోలేవాడికి."

"రోగం కాదు మావయ్యా. మీరొక మాటన్నారు."

"ఏ మాట?"

"మీకు తెలుసు."

"రోజుకి సవాలక్ష మాటలంటా. ఏ మాట?"

"ఈ షెడ్డులోనే అన్నారు. ఇంజెక్టర్లు వేయించిన రోజున. ఆ డ్రమ్ము మీద కూర్చుని అన్నారు. మేస్త్రీ, నువ్వున్నావు. చెప్పు."

"నన్ను లాగొద్దు తమ్ముడూ. నేను పంపులు విప్పుతా. సంసారాలు విప్పను."

"ఉన్నావా లేదా?"

"ఉన్నాలే."

"ఏమన్నాడు మా మావయ్య?"

"లోడుతో కొండెక్కినంత కాలం ఈ బండి నువ్వే తోలాలి, ఎక్కలేని రోజున బండి అమ్మేస్తా, పాపని తీసుకుని నీ దారిన నువ్వెళ్లు, అన్నారు. అన్నారుగా పెద్దాయనా?"

"అన్నా. కాదంటున్నానా? ఎక్కలేని రోజున అన్నా. ఎక్కుతుందని ఇప్పుడు నువ్వే అంటున్నావు."

"ఇంకో పంపు తెచ్చి అతికించి ఎక్కిస్తే అది ఎక్కడమా?"

"నువ్వు కళ్లజోడు పెట్టుకుని చదివితే అది చదవడం కాదా?"

"అత్తయ్య కూడా ఒప్పుకుంది ఆ మాటకి. అందుకే ఓపిక పట్టా. కొట్లాడి తీసుకెళ్లకూడదు, పిల్ల ఏడుస్తూ రాకూడదని పట్టా. మా అక్క వాళ్ల ఊళ్లో స్కూలు బస్సు ఉద్యోగం మాట్లాడి పెట్టింది. పొద్దున ఎక్కించుకోవడం, సాయంత్రం దింపడం. పాప అదే స్కూల్లో, అదే బస్సులో. నా వెనక సీట్లో కూర్చుంటుంది. నేను అద్దంలో చూసుకుంటూ తోలతా. అంతకన్నా ఏం అడిగా మావయ్యా?"

"బస్సు ఎవడైనా తోలతాడు."

"లారీ కూడా ఎవడైనా తోలతాడు. వేరే డ్రైవర్ని పెట్టుకోండి."

"వేరేవాడి చేతికి ఈ బండి ఇవ్వను."

"మీకు కావాల్సింది డ్రైవరా, పాపా?"

"మేస్త్రీ, ఆ బెల్టు ఎన్నాళ్లొస్తుందన్నావు?"

"మిమ్మల్నే మావయ్యా. డ్రైవరా, పాపా?"

"పాప లేకపోతే మీ అత్త అన్నం ముట్టదు. చాలా? విన్నావుగా, తృప్తేనా?"

"నా కూతురు మావయ్యా అది."

"నా కూతుర్ని కూడా నీకిచ్చా. తిరిగిచ్చావా?"

"పెద్దాయనా, ఆ మాటలెందుకిప్పుడు..."

"నువ్వూరుకో. జ్వరంతో అది ఆస్పత్రికి పోవాల్సిన రోజున వీడెక్కడున్నాడు? కొండ మీద. పెద్ద మలుపులో. ఇదే బండితో."

"ఎవరి మాట మీద వెళ్లా? మామూలు జ్వరమేలే, నేను చూసుకుంటా, నువ్వు లోడు దింపేసి రా అన్నదెవరు?"

"బెల్టు సంగతి అడిగా మేస్త్రీ."

"అన్నదెవరు మావయ్యా?"

"బెల్టు!"

"బెల్టు బాగానే వస్తుంది. బెల్టు కాదు పెద్దాయనా మనం మాట్లాడుకోవాల్సింది. ఇంకోటుంది. ఇందాకట్నుంచి చెబుదామంటే మీరిద్దరూ సందివ్వడం లేదు."

"ఏంటది?"

"ఈ పంపు అరిగిపోయి చావలేదు."

"అరిగిందనేగా ఇంతసేపూ చెప్పావు!"

"అరిగింది. నీరసపడింది. అది నిజం. కానీ చచ్చింది దానివల్ల కాదు. ఇదిగో, ఈ ముక్క మీద వేలు పెట్టి చూడండి. ఏముంది?"

"గరుకుగా ఉంది. ఎర్రగా... తుప్పా?"

"తుప్పే. డీజిలు తిరిగేచోట తుప్పెందుకు? డీజిలే దీనికి నూనె. నీళ్లు కలిస్తే నూనె పోయి, ఇనుమూ ఇనుమూ రాసుకుని ఇలా గీరుకుపోతుంది. ఈ సీసా చూడండి. మీ ఫిల్టరు కింద నుంచి వదిలింది. పైన తేలేది డీజిలు. కింద?"

"నీళ్లు."

"సగం సీసా నీళ్లు."

"మొన్న వాన పడిందిగా మేస్త్రీ. ట్యాంకు మూత సరిగ్గా పట్టదు. తాళం ఎప్పుడో పోయింది."

"వానకి చెమ్మ వస్తుంది తమ్ముడూ, ఇన్ని నీళ్లు రావు. ట్యాంకు అడుగున ఇంకా ఉన్నాయి."

"బంకువాడి పనా? కల్తీయా?"

"అదే బంకులో పోయించిన బళ్లన్నీ తిరుగుతున్నాయి. ఎవరో పోశారు పెద్దాయనా."

"పోశారా!"

"పోశారు. అందుకే చెప్తున్నా. పంపు ఒకటైనా రెండైనా ట్యాంకు ఒకటే. నీళ్లెలా వచ్చాయో తేలకుండా రెండో పంపు పెడితే ఒకటి కాదు, రెండూ పోతాయి. అప్పుడు నన్ననకండి."

"ఏయ్, నీ కళ్ల ముందు నీళ్ల దీపం ఉంటుందిగా. ఫిల్టర్లో నీళ్లు చేరితే వెలిగేది. వెలగలేదా?"

"వెలిగింది."

"వెలిగితే ఏం చెయ్యాలి?"

"బండి ఆపి, ఫిల్టరు కింద మర వదులు చేసి నీళ్లు వదిలెయ్యాలి."

"వదిలావా?"

"లేదు."

"ఏం?"

"మర్చిపోయా."

"రోజూ పొద్దున్నే వదిలేవాడివి. గాజు గ్లాసులో పట్టి, వెలుతురుకి పెట్టి, డాక్టర్లా చూసేవాడివి. మర్చిపోయావా?"

"మర్చిపోయా మావయ్యా."

"కళ్ల ముందు దీపం వెలుగుతుంటే మర్చిపోయావు. కొండెక్కుతూ మర్చిపోయావు. సరే, నీ మతిమరుపు సంగతి తర్వాత. పోసిందెవడో తేలాలి. నా ఇంటి ముందు పెట్టిన బండి. తలుపు మీద నా కూతురి పేరున్న బండి. అందులో నీళ్లు పోసే చెయ్యి ఎవరిదో... ఆగండి, మీ అత్త ఫోను. బయటికెళ్లి మాట్లాడొస్తా, ఈ కంప్రెసర్ మోతకి ఏం వినపడి చావదు. మేస్త్రీ, ఈలోగా బ్రాకెట్టుకి కొలత తీసుకో."

"అలాగే పెద్దాయనా."

"వెళ్లాడా?"

"వెళ్లాడు. లారీ పక్కన నిలబడ్డాడు. చెవి దగ్గర ఫోను, ఇంకో చేత్తో తలుపు మీద దుమ్ము తుడుస్తున్నాడు."

"రోజూ అంతే. బండంతా మట్టి కొట్టుకుపోయినా ఆ పేరు మాత్రం మెరవాలి. అన్నా, నీళ్ల సంగతి నువ్వెందుకు చెప్పావు? అరిగిపోయిందని ఊరుకుంటే పోయేదిగా."

"నేను బిగించిన కొత్త పంపు నాలుగు రోజులకే తిరిగొస్తే ఎవడికి చెడ్డపేరు? నాకు. తమ్ముడూ, మొదట నువ్వే పోశావనుకున్నా."

"నేను పోయలేదు."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"చెయ్యి చాపు. అటు తిరిగి చాపు, ఆయనకి కనపడకుండా. ట్యాంకు నోట్లో జాలీ ఉంటుందే, దాన్లో ఇరుక్కుంది ఇది. ఆయన ముందు బయటికి తియ్యలేదు."

"ఇది..."

"గులాబీ రంగు మూత. మీద కుందేలు బొమ్మ. నీ బాటిల్‌ది కాదనుకుంటా."

"పాపది. స్కూలు బాటిల్‌ది. మూత పోయిందంది. ఎక్కడ పోయిందమ్మా అంటే తల దించుకుంది. పోతే పోయిందిలే, కొత్తది కొనిస్తా అన్నా."

"ఆడుకుంటూ పోసిందేమోలే."

"ఆట కాదు, అన్నా. నేనే నేర్పా."

"నువ్వా?"

"పొద్దున్నే ఫిల్టరు నీళ్లు వదులుతుంటే పక్కన వచ్చి నిలబడేది. ఎందుకు నాన్నా అంటే, నీళ్లు తాగితే లారీకి జబ్బు చేస్తుందమ్మా, కొండెక్కలేదు అన్నా. ఎక్కలేకపోతే ఏమవుతుంది అంది."

"ఏమన్నావు?"

"ఎక్కలేకపోతే మనిద్దరం వెళ్లిపోతాం అన్నా. పడుకోబెడుతూ చెప్పా. కథ చెప్పినట్టు చెప్పా. బస్సు, వెనక సీటు, అద్దంలో చూసుకోవడం, అన్నీ చెప్పా. మళ్లీ చెప్పు నాన్నా, మళ్లీ చెప్పు అనేది."

"అయ్యో తమ్ముడూ."

"స్కూలుకెళ్లక ముందే బాటిల్ ఖాళీ అయిపోయేది. మళ్లీ నింపించుకునేది. పిల్ల నీళ్లు బాగా తాగుతోందని అత్తయ్య మురిసిపోయింది కూడా."

"మరి దీపం వెలిగినప్పుడు నువ్వెందుకు ఆగలేదు?"

"వెలగనీ అనుకున్నా. ఎక్కడి నుంచి వస్తే నాకేంటి అనుకున్నా. పాడు పంపు, చావనీ అనుకున్నా."

"సర్లే. ఆయన రాగానే చెప్పెయ్. పిల్ల తెలీక చేసిందను. తాతేగా, నవ్వి ఊరుకుంటాడు."

"నవ్వుతాడా? కొట్టుగది సంగతి తెలుసా నీకు?"

"ఏ కొట్టుగది?"

"లారీ తలుపు మీద వాళ్లమ్మ పేరు పక్కన సుద్దముక్కతో తన పేరు రాసుకుంది. అంతే. కొట్టుగదిలో పెట్టి గడియ వేశాడు. నేను లోడు దింపి ఇంటికొచ్చేదాకా తియ్యలేదు. వచ్చేసరికి తలుపు కింద సందులోంచి వేళ్లు బయటికి పెట్టి కూర్చుని ఉంది. నా చెప్పులు కనిపించాయో ఏమో, నాన్నా, నేను చెరిపేస్తా, తడిగుడ్డ ఇవ్వు అంది."

"ఆయన... ఆయన పాపనంటే ప్రాణం పెడతాడనుకున్నానే."

"పెడతాడు. ఆ రాత్రి ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్నం కూడా ఆయనే పెట్టాడు. అది ఇప్పటికీ స్నానాల గది తలుపు వేసుకోదు. సుద్దగీతకే అలా చేసిన మనిషి పంపుకి ఏం చేస్తాడు?"

"అయితే చెప్పకు. దారినపోయే వెధవెవడో పోశాడని..."

"ఇంటికెళ్లి అడుగుతాడు. అడిగితే చెప్పేస్తుంది, అన్నా. దానికి అబద్ధం రాదు. నేర్పలేదు."

"మరి?"

"ఆయన దాన్ని అడిగేలోగా ఎవరో ఒకరు ఒప్పేసుకోవాలి."

"పిచ్చెక్కిందా? నువ్వు పోశానంటే ఆ మాట పోతుంది. బస్సు పోతుంది. పిల్ల అక్కడే, నువ్వు కొండ మీద. ఆలోచించు తమ్ముడూ."

"ఆలోచించడానికి ఏముంది చెప్పు? నువ్వే చెప్పు, ఇంకో దారుంటే చెప్పు. పంపులకి మూడు దారులు చెప్పావు. దీనికి ఒక్కటి చెప్పు."

"వస్తున్నాడు. టేపు ఇటివ్వు. కొలవకపోతే ఇంతసేపూ ఏం చేశారంటాడు. ఆ కంప్రెసర్ కూడా ఆపు."

"కొలత అయిందా మేస్త్రీ?"

"అవుతోంది పెద్దాయనా."

"ఇంతసేపా! ఏం మాట్లాడుకున్నారు?"

"ఏముంది, పంపుల గురించే."

"మంచిది. మీ అత్తకి చెప్పా అల్లుడూ. ఇంటికెళ్లగానే అందర్నీ వరసగా నిలబెట్టి అడుగుతా. పనిమనిషిని, పక్కింటివాణ్ణి, మీ అత్తని, పాపని. చూసినవాళ్లు ఎవరో ఒకరుంటారు."

"పాపనెందుకు?"

"అది బండి చుట్టూనే తిరుగుతుందిగా. చూసే ఉంటుంది."

"చిన్నపిల్ల, దానికేం తెలుస్తుంది మావయ్యా?"

"అడిగితేగా తెలిసేది. నేనొచ్చేదాకా దాన్ని పడుకోనివ్వొద్దన్నా. నా దగ్గర అబద్ధం ఆడదు. ఆడితే ఏమవుతుందో దానికి తెలుసు."

"అడగక్కర్లేదు."

"ఏం?"

"నేనే."

"నేనే ఏంటి? తిన్నగా చెప్పు."

"నేనే పోశా. నీళ్లు."

"తమ్ముడూ..."

"నువ్వూరుకో మేస్త్రీ. నువ్వా అల్లుడూ?"

"నేనే."

"దేంతో పోశావు?"

"దేంతో అయితే ఏంటి మావయ్యా. బాటిల్‌తో."

"ఏ బాటిల్?"

"లారీలో ఉండేది."

"లారీలో ఉండేది క్యాను కదూ? తెల్లది, పెద్దది."

"క్యానుతోనే. బాటిల్ అని నోరు జారింది."

"ఎప్పుడు?"

"పొద్దున్నే. ఎవరూ లేనప్పుడు."

"ఎవరూ చూడలేదు?"

"ఎవరూ చూడలేదు."

"ఎందుకు పోశావు?"

"ఎందుకో మీకు తెలుసు. కొండెక్కకూడదని."

"విన్నావుగా మేస్త్రీ?"

"నాకేం వినపడలేదు. కంప్రెసర్ మోత."

"కంప్రెసర్ ఆగిపోయి చాలాసేపైంది. ఆ మాటకి నువ్వే సాక్షివని లాగాడుగా వీడు, దీనికీ నువ్వే. అల్లుడూ, తనంతట తను ఎక్కలేని రోజున అన్నా నేను. నువ్వే కాళ్లు విరగ్గొట్టి, చూడండి నడవలేకపోతోంది అంటే చెల్లుతుందా?"

"చెల్లదు."

"మాట తప్పింది నేనా?"

"మీరు కాదు. నేనే."

"అయితే ఆ మాట ఇంక లేదు."

"లేదు."

"కొత్త మాట చెప్తా, విను. రెండు పంపులూ పెట్టిస్తా. అవి తిరిగినంత కాలం నువ్వే తోలతావు. పాప మా దగ్గరే ఉంటుంది. అమ్మేద్దాం, వెళ్లిపోతాం అనే మాటలు ఇంక నీ నోట వినపడకూడదు. దాని చెవిలో అసలే వెయ్యకూడదు."

"సరే. కానీ నాదీ ఒకటుంది. ఇంటికెళ్లి ఎవర్నీ అడగకూడదు. నిలబెట్టడాలు, అరవడాలు ఏం ఉండకూడదు."

"దొంగ దొరికాడుగా, ఇంకెవర్నడుగుతా? ఆ బస్సు వాళ్లకి చెప్పు."

"రేపు చెప్తా."

"ఇప్పుడే. నా ముందు."

"హలో... అక్కా, నేను. లేదక్కా, రావడం లేదు... కుదరదు. వేరేవాళ్లని చూసుకోమను... పాప బాగుంది... అబ్బే, ఎవరూ ఏమీ అనలేదు. నాకే ఇష్టం లేదు... అదేంలేదన్నానుగా... ఉంటానక్కా."

"ఏమంది?"

"పాపకి కిటికీ పక్క సీటు చెప్పి ఉంచిందట."

"మీ అక్కకి తొందరెక్కువ. మేస్త్రీ, మొదలెట్టు."

"పెద్దాయనా, నా మాట వినండి. ఈ పాతదే బాగుచేసి ఇచ్చేస్తా. చదును రోడ్డు కిరాయిలు చూసుకోండి. మీకూ పెద్ద వయసొచ్చింది, అతనికీ ఇంటి పట్టున ఉన్నట్టుంటుంది. పాపా మీ దగ్గరే, తండ్రీ మీ దగ్గరే."

"చదును రోడ్డు మీద తోలేవాడు పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికొస్తాడు. రోజూ ఇంట్లో ఉన్న తండ్రి పక్క నుంచి పిల్ల తాత దగ్గరికెందుకొస్తుంది?"

"అంత మాటా?"

"అంత మాటే. బిగించు."

"నాకొద్దు ఈ పని. ఇంకో షెడ్డుకి తీసుకెళ్లండి."

"ఇది ఈ చుట్టుపక్కల నువ్వు తప్ప ఇంకెవడూ చెయ్యలేడని నువ్వే అన్నావు."

"నోరు జారా."

"ఇవాళ అందరికీ నోరు జారుతోంది. చెయ్యి మేస్త్రీ."

"చెయ్యి, అన్నా. నువ్వు చెయ్యకపోతే ఎక్కడి నుంచో ఇంకోణ్ణి తెచ్చి చేయిస్తారు. నువ్వైతే గట్టిగా బిగిస్తావు. ఎలాగూ ఎక్కాల్సిందే, నడిమధ్యన తెగిపోకుండా ఉంటే చాలు."

"ట్యాంకు దింపి కడగాలి. పైపులు ఊదాలి. ఫిల్టర్లు మార్చాలి. మూతకి తాళం వెయ్యాలి."

"వెయ్యి. గట్టిది వెయ్యి. తాళం చెవి నాకివ్వు."

"దార్లో డీజిలు పోయించుకోవాలంటే నాకు కావాలిగా మావయ్యా?"

"బయల్దేరే ముందు నేనే నిండా పోయించి తాళం వేస్తా. కొండెక్కి దిగడానికి సరిపోతుంది. ఇంకెక్కడికైనా వెళ్లాలంటే సరిపోదనుకో. నీకు ఇంకెక్కడికీ పనిలేదుగా?"

"లేదు."

"అంతే మరి. లే, ఇంటికి పోదాం. ఆటో పిలువు. ఆ, ఇంకోటి అల్లుడూ. ఇంటికెళ్లాక పాపని ఏమీ అనకు."

"పాపనా? పాపని నేనెందుకంటాను?"

"ఆ మూత కూడా ఇచ్చెయ్. పాపం, అప్పట్నుంచి వెతుక్కుంటోంది."

"ఏ... ఏ మూత?"

"కుందేలు బొమ్మది. జాలీలోనే చిక్కుకుని ఉంటుంది. నేను ఫోను పట్టుకుని బయటికెళ్లినప్పుడు మేస్త్రి నీకిచ్చే ఉంటాడు."

"మీకు తెలుసా?"

"వరండాలో కుర్చీలోనే ఉన్నా. ఇటుకలు పేర్చుకుని ఎక్కింది. మునివేళ్ల మీద నిలబడి పోసింది. ఒక్క చుక్క ఒలకనివ్వలేదు. వాళ్లమ్మ పోలిక."

"చూస్తూ కూర్చున్నారా! రోజూ? ఒక్క కేక వేస్తే ఆగిపోయేదిగా మావయ్యా, ఎందుకు ఆపలేదు?"

"ఆపి ఉంటే, నేనే పోశానని నువ్వు ఇవాళ ఒప్పుకునేవాడివా?"